చౌకదనమూ హక్కూ

మన దేశంలో ఇంటర్నెట్ ప్రపంచంలోకెల్లా చౌక అనే మాట గత కొన్నేళ్లుగా తరచు వినవస్తున్నది. మంత్రులు సభల్లో చెపుతారు, పత్రికలు రాస్తాయి, మా కాలేజీ స్టాఫ్‌రూములో టీ తాగుతూ మిత్రులు చెప్పుకుంటారు. దీనికి జవాబుగా మరో మాట కూడా అంత తరచుగానూ వినబడుతుంది: "చౌక అయితే అయింది గాని, కొరియాలో వేగం చూడండి, సింగపూరులో వేగం చూడండి. మనమెక్కడ?" ఒకరిది గర్వం, మరొకరిది గొణుగుడు. కాని జాగ్రత్తగా చూస్తే ఇద్దరి చేతిలోనూ వున్నది ఒకే కొలబద్ద. దేశాలను వరసగా నిలబెట్టి, ఒక్కొక్క దేశానికీ ఒక ధరా ఒక వేగమూ అంటగట్టి, అందులో మనది ఎన్నో స్థానం అని ఇద్దరూ అడుగుతున్నారు.

ఒక దేశపు బ్రాడ్‌బ్యాండు మంచిదో చెడ్డదో తీర్పు చెప్పటానికి ఈ కొలబద్ద సరిపోతుందా? సరిపోదని నా అభిప్రాయం. ఎందుకు సరిపోదో చెప్పేముందు ఆ అంకెల్లో వున్న నిజాన్ని ఒప్పుకోవటం న్యాయం.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీ డేటాకు సగటున 269 రూపాయలయ్యేది. 2016 సెప్టెంబరులో రిలయన్స్ జియో నెలల తరబడి ఉచితంగా డేటా ఇస్తూ రంగంలోకి దిగిన తర్వాత రెండు మూడేళ్లలో ఆ ధర పది రూపాయల దరిదాపుకు పడిపోయింది. 2023లో ఒక బ్రిటిష్ సంస్థ వేసిన పోలికలో జీబీ సగటు ధర మన దేశంలో 16 సెంట్లయితే అమెరికాలో 6 డాలర్లు. వేగం సంగతీ అంతే. ఊక్లా సంస్థ పట్టికలో 2022 సెప్టెంబరునాటికి సెల్‌ఫోను ఇంటర్నెట్ వేగంలో మన స్థానం 119. అప్పటి వేగం సెకనుకు 14 మెగాబిట్లకు లోపు. 5జి వచ్చిన తర్వాత 2023 ఆగస్టునాటికి మనం 47వ స్థానానికి ఎగబాకాం, వేగం 50 మెగాబిట్లు దాటింది. ఇది అబద్ధం కాదు, చిన్న విషయమూ కాదు. ఈ మార్పును చూడ నిరాకరించేవాడు ఎంత అభ్యుదయవాదినని చెప్పుకున్నా వాస్తవాన్ని చూడ నిరాకరిస్తున్నాడన్నమాట.

అయితే ఈ లెక్కలో వున్నవారెవరు? వేగాన్ని కొలిచే యంత్రం కనెక్షను వున్నవాడి వేగాన్నే కొలుస్తుంది. జీబీ ధర కట్టే అర్థశాస్త్రజ్ఞుడు జీబీ కొన్నవాడినే లెక్కపెడతాడు. కొనలేనివాడి వేగం సున్నా అని ఎవరూ సగటులో కలపరు. వాడు లెక్కలో అడుగున వుండడు, అసలు లెక్కలోనే వుండడు.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, నా హాజరుపట్టీ వల్ల తెలిసింది. 2020లో కరోనా కారణంగా కాలేజీలు మూసి, పాఠాలు ఫోన్లో చెప్పమన్నారు. నా తరగతిలో 58 మంది విద్యార్థులు. మొదటి రోజు తెర మీద కనిపించినవారు 19 మంది. నేను గురజాడ గురించి పాఠం చెప్పి, వచ్చినవారికి హాజరూ రానివారికి గైర్హాజరూ వేసి, పట్టీ పైకి పంపాను. నెలల తరబడి అట్లాగే పంపాను. తర్వాత కాలేజీ తెరిచినప్పుడు ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు: "సార్, నేను బావ ఫోను తీసుకుని చెరువుకట్ట మీద కూచునేవాణ్ణి. ఊళ్లో సిగ్నలు వుండదు. మీ మాట సగం వచ్చేది, సగం వచ్చేది కాదు. పేరు పిలిచేసరికి పోయేది. మరి నేను వచ్చినట్లా, రానట్లా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. నేను రాసిన అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు. కాని ఆ పట్టీ మొత్తంగా అబద్ధం. పాఠం వాడి దగ్గరికి చేరలేదనే విషయాన్ని, వాడు పాఠానికి రాలేదనే విషయంగా మార్చి రాశాను. సమాజం చేసిన లోపం వాడి లోపంగా నమోదయింది. దేశాల పట్టికలు చేసే పని కూడా సరిగ్గా ఇదే.

ఆ ఏడు నా తరగతిలో కనిపించింది ఒక్క మా ఊరి సంగతి కాదు. 2017-18 జాతీయ శాంపిలు సర్వే ప్రకారం పల్లెల్లో ఇంటర్నెట్ సదుపాయం వున్న కుటుంబాలు నూటికి 15కు లోపు, పట్టణాల్లో 42. కంప్యూటరు వున్న పల్లె కుటుంబాలు నూటికి నాలుగైదుకు మించవు. డేటా "ప్రపంచంలోకెల్లా చౌక" అయిపోయిన తర్వాత తీసిన లెక్క ఇది. ఆ తర్వాత 2019-21 మధ్య జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో, జన్మలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే ఆంధ్రప్రదేశ్‌లో మగవారిలో నూటికి సుమారు 49 మంది అవునన్నారు, ఆడవారిలో 21 మంది. అప్పటికి పరిస్థితి మారుతూనే వున్నది, ఇప్పటికి ఇంకా మారింది. కాని ఒకే ఇంట్లో, ఒకే సిగ్నలు కింద, అన్నకు వున్నది చెల్లెలికి లేకపోవటానికి జీబీ ధర కారణం కాదుగదా! ధర ఎంత తగ్గినా తగ్గని దూరాలున్నాయని ఆ అంకెలు చెపుతున్నాయి.

ఇక ధర సంగతే తీసుకుందాం. ఒక వస్తువు ఖరీదు డాలర్లలో కొలిస్తే ఒక అర్థం, దాన్ని సంపాదించటానికి మనిషి పడే శ్రమలో కొలిస్తే మరొక అర్థం. వస్తువు అసలు ధర దానికోసం పడే శ్రమే అని ఆడం స్మిత్ 1776లోనే గ్రహించాడు. ఆయన పెట్టుబడిదారీ విధానానికి విరోధి కాదు గనక ఈ విషయంలో ఆయన సాక్ష్యం అందరికీ చెల్లుతుంది.

ఇంటికి తీగ ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండు మన దేశంలో నెలకు 399 రూపాయలు, దాని మీద 18 శాతం పన్ను, మొత్తం 471 రూపాయలనుకుందాం. 2024-25లో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో ఉపాధిహామీ కూలి రోజుకు 300 రూపాయలు. అంటే నెల బ్రాడ్‌బ్యాండుకు ఒకటిన్నర రోజు పైచిలుకు, సుమారు పన్నెండు గంటల మట్టిపని. అమెరికాలో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీసవేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే వున్నది. అక్కడ నెలకు అరవై డెబ్భై డాలర్ల కనెక్షనుకు తొమ్మిది గంటలు పనిచెయ్యాలి. దక్షిణ కొరియాలో 2024లో కనీసవేతనం గంటకు 9,860 వాన్లు. 100 మెగాబిట్ల కనెక్షను ఇరవై వేల వాన్లకు కాస్త అటూ ఇటుగా దొరుకుతుంది. అంటే రెండు గంటల పై మాట. డాలర్లలో మొదట నిలిచిన మనం శ్రమ లెక్కన కడపట నిలిచాం. పైగా మన పన్నెండు గంటలకు దొరికేది ముప్పై మెగాబిట్ల వేగమే.

"సెల్‌ఫోను లెక్క తియ్యండి, అందులో మనమే చౌక" అనవచ్చు. నిజమే, జీబీ లెక్కన మనది చౌకే. కాని కూలివాడు జీబీలు కొనడు, నెల కొంటాడు. 2024 జూలై తర్వాత రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల రీఛార్జి ఒక పెద్ద కంపెనీలో 299 రూపాయలు. సరిగ్గా ఒక రోజు కూలి. ఏడాదికి పదమూడు రీఛార్జీలు. ఇంట్లో రెండు ఫోన్లుంటే ఇరవై ఆరు రోజుల కూలి. అప్పటి ఉపాధిహామీ చట్టం ఏడాది మొత్తానికి ఇస్తానన్నది ఒక్కొక్క కుటుంబానికి వంద రోజుల పని. ఆ వందలో ఇరవై ఆరు! ఇంత పెట్టీ వాడికి దొరికేది అరచెయ్యంత తెర. సినిమాపాట వినటానికి అది చాలు. పరీక్ష దరఖాస్తు నింపటానికీ, పది పేజీల వ్యాసం రాసి పంపటానికీ, ఇద్దరు పిల్లలు ఒకే సమయంలో పాఠాలు వినటానికీ చాలదు. చూసేవాడుగా మిగలటానికి ఒక రకం ఇంటర్నెట్టూ, పనిచేసేవాడుగా నిలబడటానికి మరొక రకం ఇంటర్నెట్టూ వున్నాయి. మన దేశంలో చౌక అయినది మొదటిది.

ఇక్కడ మనవాళ్లే ఒక ఆక్షేపణ తెస్తారు. "తిండికి లేనివాడికి బ్రాడ్‌బ్యాండు హక్కేమిటి? ముందు బియ్యం సంగతి చూడండి." ఈ మాటలో పేదవాడి పట్ల ఆర్తి వున్నట్టు కనిపిస్తుంది. కాని నిజానికి ఇది పేదవాడి అవసరాల చిట్టా మనమే రాసిపెట్టి, అది ఎన్నడూ మారరాదనటం. అవసరమనేది ప్రకృతి ఒక్కటే నిర్ణయించేది కాదు. నార చొక్కా లేకపోతే మనిషి చావడు. అయినా తన కాలంలో కూలివాడు నార చొక్కా లేకుండా నలుగురిలోకి రావటానికి సిగ్గుపడవలసి వచ్చేది గనక అది అవసరమేనని స్మిత్ వాదించాడు. శ్రమశక్తి విలువలో చారిత్రకమూ నైతికమూ అయిన అంశం వున్నదని మార్క్స్ 1867లో "పెట్టుబడి" మొదటి సంపుటంలో చెప్పింది దీనికి తరువాయి మెట్టు. ఏ కాలంలో ఏ సమాజం తన సభ్యుడి నుంచి ఏది కోరుతుందో దాన్నిబట్టే వాడికేది అవసరమో తేలుతుంది.

మరి మన సమాజం ఈనాడు కూలివాడి నుంచి ఏం కోరుతున్నది? 2023 జనవరి 1 నుంచి ఉపాధిహామీ పనుల దగ్గర హాజరు సెల్‌ఫోను ద్వారానే పడాలని కేంద్ర ప్రభుత్వం శాసించింది. పొద్దున ఒకసారీ తర్వాత మరొకసారీ కూలీల ఫోటో తీసి ఇంటర్నెట్ ద్వారా పంపాలి. సిగ్నలు అందక ఫోటో పోకపోతే చేసిన పని చెయ్యనట్టే. చెరువుకట్ట మీద కూచున్న నా విద్యార్థి ప్రశ్నే ఇక్కడ చెరువులో మన్ను తవ్వే వాడి తండ్రి నోట వినబడుతున్నది: నేను వచ్చినట్లా, రానట్లా? తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ సీటుకు దరఖాస్తు ఇంటర్నెట్లోనే పెట్టాలి. స్కాలర్‌షిప్పు అందులోనే, పరీక్ష ఫీజు అందులోనే. ఇంటర్నెట్ కావాలని పేదవాడు కోరుకున్నాడా లేదా అన్న ప్రశ్న ఇప్పుడు అప్రస్తుతం. అది లేనిదే కూలీ లేదు, చదువూ లేదని రాజ్యమే నిర్ణయించింది. ఒక షరతు విధించినవాడు ఆ షరతు నెరవేర్చే సాధనం కూడా ఇయ్యాలి. ఇయ్యకపోతే అది షరతు కాదు, శిక్ష. ఈ సమస్యలో నైతికమైన ముడి నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఆ సాధనం చౌకగా దొరుకుతున్నదిగదా, ఇక హక్కు దేనికి అని అడగవచ్చు. చౌకదనానికీ హక్కుకూ వున్న తేడా ఇది: చౌకదనం అమ్మేవాడి లెక్క, హక్కు కొనలేనివాడి లెక్క. 2016లో డేటా ధర పడిపోవటానికి ఎవరి దయా కారణం కాదు, పెట్టుబడుల మధ్య పోటీ కారణం. ఆ పోటీలో ఒకనాడు డజను దాకా వున్న కంపెనీలు అంతరించి, ప్రయివేటు రంగంలో మూడు మిగిలాయి. ప్రభుత్వ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. సొంత 4జి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. దేశవ్యాప్తంగా దాని 4జి ప్రారంభోత్సవం జరిగింది 2025 సెప్టెంబరులో, అంటే పోటీదార్లు 5జి మొదలుపెట్టిన మూడేళ్లకు. పోటీ సద్దుమణిగిన తర్వాత 2019 డిసెంబరులో, 2021 చివర, 2024 జూలైలో ధరలు పెరిగాయి. మూడుసార్లూ మూడు కంపెనీలూ కొద్ది రోజుల తేడాతో పెంచాయి. వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. లాభం కోసం తగ్గించినవాడు లాభం కోసం పెంచుతాడు. వాడి తర్కంలో లోపం లేదు. దాన్ని మన భాగ్యంగా ఎంచి మురిసిన మన తర్కంలో లోపం వున్నది.

దీని పక్కన ఫిన్లండును పెట్టి చూడండి. 2010 జూలై 1 నుంచి ఆ దేశంలో ప్రతి ఇంటికీ సెకనుకు ఒక మెగాబిట్ కనెక్షను సరసమైన ధరకు ఇచ్చి తీరాలని చట్టం అమలులోకి వచ్చింది. ఒక మెగాబిట్ అంటే ఈనాడు నవ్వు వస్తుంది. వేగాల పట్టికలో అది ఎక్కడా నిలవదు. కాని అడవి మధ్య ఒంటరిగా వున్న ఇంటి ముసలివాడు "నాకేది?" అని అడగగలడు, కంపెనీ జవాబు చెప్పుకోవాలి. కొరియా కూడా 2020లో బ్రాడ్‌బ్యాండును అందరికీ అందించి తీరవలసిన సేవల్లో చేర్చింది. ఆ దేశానికి వేగం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1995 నుంచి ప్రభుత్వం ముందు నడిచి ప్రధానమైన తీగ వేయించింది, కంపెనీల చేత ఇళ్లకు వేయించింది, 2000 తర్వాత గృహిణులకూ వృద్ధులకూ వాడకం నేర్పింది. అక్కడి కంపెనీలూ లాభం కోసం నడిచేవే. అయినా దారి వేసింది సమాజం.

బ్రాడ్‌బ్యాండు అనే మాటకు ఇచ్చే నిర్వచనం కూడా నైతికమైన విషయమే. 2004లో మన ప్రభుత్వం సెకనుకు 256 కిలోబిట్లుంటే బ్రాడ్‌బ్యాండే అన్నది. 2013లో దాన్ని 512కు పెంచింది, 2023లో 2 మెగాబిట్లకు. అమెరికాలో 2015లో 25 మెగాబిట్లు, 2024లో 100. నిర్వచనం తక్కువగా వుంటే తీరని బాకీ తీరినట్టు పద్దు రాసుకోవచ్చు. అందుకే అది ఇంజనీర్లకు వదిలిపెట్టదగిన విషయం కాదు.

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి, ప్రభుత్వం చేతికి వస్తే చాలు, సమస్య తీరుతుందని మన విద్యార్థి మిత్రులు తేల్చెయ్యవచ్చు. నేను అంత తేలికగా తేల్చలేను. రెండున్నర లక్షల పంచాయతీలకు తీగ వేసే పథకాన్ని కేంద్రం 2011లో ఆమోదించింది. తర్వాత దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. 2023 ఆగస్టులో మళ్లీ 1,39,579 కోట్ల రూపాయలు కేటాయించవలసి వచ్చింది. చాలా ఊళ్లలో ఆ తీగ పంచాయతీ ఆఫీసు గోడదాకా వచ్చి ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్లు ఇస్తూ ఫైబర్‌నెట్ ప్రారంభించారు. ఆలోచన గొప్పది, ఆ తర్వాత అది పార్టీల ఆరోపణల్లో చిక్కుకున్నది. ఇంటర్నెట్ పౌరుడి హక్కని ప్రకటించిన కేరళ వామపక్ష ప్రభుత్వం 2023 జూన్‌లో ప్రారంభించిన పథకంలో ఇరవై లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇస్తామన్నది; ఆచరణ ఆ మాటకు చాలా వెనకబడింది. మనవాళ్ల పథకం గనక ఈ మాట చెప్పకుండా దాటెయ్యటం నిజాయితీ కాదు.

ఇంతకన్నా తీవ్రమైన సంగతి మరొకటున్నది. 2019 ఆగస్టులో కాశ్మీరులో ఇంటర్నెట్ మొత్తం ఆపేశారు. 2020 జనవరిలో 2జి వేగం మటుకు ఇచ్చారు. 4జి తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. కరోనా కాలమంతా అక్కడి విద్యార్థులు కావాలని తగ్గించిన వేగంతో చదువుకున్నారు. వారి వేగాన్ని తగ్గించింది మార్కెట్టు కాదు, రాజ్యం. ఈ విషయాలను లెక్కగట్టే యాక్సెస్ నౌ సంస్థ ప్రకారం 2018 నుంచి 2023 దాకా వరసగా ఆరేళ్లు ఇంటర్నెట్ అత్యధికసార్లు ఆపిన దేశం మనదే. ఒక్క 2023లోనే 116 సార్లు. ప్రపంచంలోకెల్లా చౌక అని చెప్పేటప్పుడు ఈ మొదటి స్థానం కూడా చెప్పాలిగదా! కాబట్టి హక్కు అంటే కంపెనీ మీద హక్కు మాత్రమే కాదు, రాజ్యం మీద హక్కు కూడా. 2019లో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమన్నది. 2025 ఏప్రిలులో సుప్రీంకోర్టు అది జీవించే హక్కులో భాగమన్నది. తీర్పులు మంచివే. కాని తీర్పు తీగ వెయ్యదు.

మరి ఎవరు వేస్తారు? తెలుగు సాహిత్యం చెప్పుకునేవాణ్ణి గనక నాకు మన గ్రంథాలయోద్యమం జ్ఞాపకం వస్తున్నది. 1914లో బెజవాడలో చిలకమర్తి అధ్యక్షతన మొదటి గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూరా తిరిగారు. ఆ తర్వాత పాతూరి నాగభూషణంగారి పూనికతో పుస్తకాలు పడవ మీద కాలువ వెంట ఊళ్లకు వెళ్లాయి. వాళ్లెవరూ లండనులో పుస్తకం ధర ఎంత, మన దగ్గర ఎంత అని పట్టిక వెయ్యలేదు. కొనలేనివాడి చేతికి పుస్తకం ఎట్లా వెళుతుందని అడిగారు. ఆ ఒత్తిడి ఫలితంగానే గ్రంథాలయ చట్టాలూ, వాటితోపాటు ఇంటిపన్ను మీద గ్రంథాలయ సుంకమూ వచ్చాయి. ఆ సుంకం ఈనాడు గ్రంథాలయాలకు సరిగా చేరకపోవటం వేరే విచారం. బ్రాడ్‌బ్యాండుకు అటువంటి సుంకం ఇదివరకే వున్నది. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం పల్లెల సేవకోసమని ప్రభుత్వం వసూలు చేస్తున్నది. అందులో పెద్ద భాగం ఏళ్ల తరబడి ఖర్చుగాకుండా పడివున్నది. అంటే మనకు డబ్బు లేదు అనేది సాకు. లేనిది అడిగే ఉద్యమం.

ఆ ఉద్యమం ఏమడగాలి? దేశాల వరసలో మన స్థానం అడగరాదు. ఈ ఊళ్లో కనెక్షను లేని ఇల్లు ఏది అని అడగాలి. ఆ ఇంటికి నెల కనెక్షను ఎన్ని గంటల కూలి అని అడగాలి. ఆ ఇంట్లో అది ఎవరి చేతిలో వున్నదని అడగాలి. దాన్ని ఆపే అధికారం ఎవరికున్నది, ఆపినవాడు ఎవరికి జవాబు చెప్పాలి అని అడగాలి. ఈ నాలుగు ప్రశ్నలకూ లెక్కలు తియ్యటం కష్టం కాదు. ప్రతి కాలేజీలో విద్యార్థులు తమ ఊళ్లలో ఒక్క సెలవుల్లో తియ్యగలరు. నా తరగతివారు ఈ వేసవిలో తియ్యబోతున్నారు.

2020నాటి హాజరుపట్టీ మా కాలేజీ బీరువాలో ఇప్పటికీ వున్నది. దాన్ని దిద్దే అధికారం నాకు లేదు. కాని ఆ కుర్రవాడు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. వాడు వచ్చాడు. రానిది మనం.